చాప పోయె, తెర వచ్చె, ఢాం ఢాం ఢాం

పని మానేసిన రోజు నుంచే మనిషిని పెద్దమనిషి అనడం మన ఆచారం. ఆ గౌరవం పడవలకు మాత్రం ఎందుకు దక్కకూడదు? ఇండొనేసియా పినిసి పడవ తరతరాలుగా బియ్యం మోసింది, కలప మోసింది, సిమెంటు మోసింది. ఇప్పుడు దాని వీపు మీద యోగా చాపలు పరిచి, ఖండాలు దాటి వచ్చిన వాళ్ళని వాటి మీద వెల్లకిలా పడుకోబెడుతున్నారు. దీన్ని పతనం అనే వాళ్ళున్నారు. సంప్రదాయం గంగలో కలిసిందని గుండెలు బాదుకునే వాళ్ళున్నారు. అలాంటి తొందరపాటు మనుషులకు నచ్చజెబుదామనే ఈ నాలుగు ముక్కలు.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. సింగపూర్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న మా మేనల్లుడి పుణ్యాన మూడు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు నేను పినిసిలో గడిపాను. "మావయ్యా, నలుగురిలో పడవ అనకు. యాట్ అనాలి," అని వాడు ఫోన్లోనే హెచ్చరించాడు. సరేనన్నాను. పాపికొండల లాంచీ తప్ప మరోటి ఎక్కని వాడికి ఏదైనా ఒకటే.

ఫ్లోరెస్ దీవి పడమటి కొసన లబువాన్ బాజో అని ఒక రేవు ఉంది. డ్రాగన్ అని ప్రపంచమంతా భయభక్తులతో పిలుచుకునే కొమొడో ఉడుమును చూడాలనుకునే వాళ్ళలో ఎక్కువమంది పడవెక్కేది అక్కడే. (ఉడుమే. మన ఉడుముకి పెదనాన్న వరస.) రేవు నిండా కొయ్య పడవలు, ప్రతి పడవ పేరుకీ ముందు కే.ఎల్.ఎం. అన్న మూడక్షరాలు. డచ్చివాళ్ళు 1949లో మూటాముల్లె సర్దుకుంటూ తమ విమానాల కంపెనీని ఇక్కడ మరిచిపోయారు కాబోలు అనుకున్నాను. కాదట. కపాల్ లాయర్ మోటార్, అంటే తెరచాపా మోటారూ రెండూ ఉన్న ఓడ అని సర్కారు ఇచ్చిన హోదా. అందులో ఒకటి నిజం, ఒకటి అలంకారం. ఏది ఏదో తెలియడానికి నాకు రెండో రోజు సాయంత్రం దాకా పట్టింది.

అసలు పినిసి అన్నది పడవ పేరు కాదు. తెరచాపలు కట్టే పద్ధతి పేరు. రెండు స్తంభాలు, ఏడు తెరచాపలు. వాటిలో పెద్ద వాటిని కింది నుంచి పైకి ఎత్తరు. స్తంభానికి ఏటవాలుగా ఒక వాసం ఎప్పుడూ కట్టే ఉంటుంది, దాని వెంబడి పక్కకు లాగుతారు, అచ్చం నాటకాల్లో తెర లాగినట్టు. తెరచాప అన్న మాట పుట్టించిన మన పూర్వీకుడెవరో గాని, పినిసికి పుట్టిల్లయిన సులవేసీ దీవి చరిత్రంతా ఒక్క సమాసంలో ఇరికించాడు. ఎందుకంటే ఈ తెరకు ముందు అక్కడ ఉన్నది నిజంగా చాపే. పదెవకాంగ్ అనే పాత పడవలకు తాటిజాతి చెట్టు ఆకులతో నేసిన చాపలు కట్టేవాళ్ళు. ఆ చాపలతోనే ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా పోయి, చైనా వంటశాలలు ఎగబడి కొనే ట్రెపాంగ్ అనే సముద్రజీవిని పట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చేవాళ్ళు.

తర్వాత పంతొమ్మిదో శతాబ్దంలో తమ నీళ్ళలో తిరుగుతున్న స్కూనర్లనే ఐరోపా ఓడల తెరచాపల తీరు చూశారు. బాగుందే అనుకున్నారు. తమ పడవ ఒడ్డూపొడుగుకు తగ్గట్టు మార్చుకుని కట్టుకున్నారు. చాప పోయె, తెర వచ్చె. 1970ల్లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. అవీ బాగున్నాయే అనుకున్నారు. గాలి కోసం కాసుకుని కూర్చోవడం పోయె, గడియారం వచ్చె. తెరచాపలు చిక్కిపోయి, కొన్నిటికి మొత్తానికే ఊడిపోయాయి. పనికొచ్చేదేదైనా కనబడితే మొహమాటపడే జాతి కాదు వాళ్ళు.

ఇప్పుడు మా మేనల్లుడు చూపించిన కరపత్రం ప్రకారం పినిసి "వేల ఏళ్ళ నాటి తూర్పుదేశపు మార్మిక నౌక". పడవలు కట్టే విద్య పాతదే, కాదనను. కాని ఆ ఏడు తెరచాపల సొగసుంది చూశారూ, దాని వయసు వందా నూటయాభై మధ్య. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పెద్దమనిషి ప్రాచ్య రహస్యాన్ని కళ్ళారా చూడాలని డాలర్ల కట్టలు పోసి, వాళ్ళ ముత్తాత ఊరి తెరచాపకు సులవేసీ అల్లుడిని చూసి మురిసిపోయి వెళ్తున్నాడు. ఇందులో నష్టపోయిందెవరో చెప్పండి. నాకైతే ఎవరూ కనిపించలేదు.

ఇక కట్టేవాళ్ళ సంగతి. దక్షిణ సులవేసీలో బులుకుంబా జిల్లా. ఆరా, లెమో లెమో, బీరా, తానా బేరు అని కడలి ఒడ్డు ఊళ్ళు. అక్కడి కొంజో వాళ్ళు చెప్పుకునే కథలో సవెరిగడింగ్ అనే వీరుడి ఓడ బద్దలై, ముక్కలు తలా ఒక ఊరికి కొట్టుకొచ్చాయట. వాటిని ఏరి, చూసి, కట్టడం నేర్చుకున్నారట. పగిలిన ఓడే పాఠ్యపుస్తకం. ఇప్పటికీ వాళ్ళకు ఓడల కార్ఖానా లేదు, క్రేన్లు లేవు, కాగితం మీద నక్షా లేదు. కొబ్బరిచెట్ల కింద ఇసుకలో అడుగు దూలం పడుతుంది. లోకంలో ఎక్కువమంది ముందు పక్కటెముకలు నిలబెట్టి తర్వాత పలకలు తాపితే, వీళ్ళు ముందు పలకల్ని ఒకదాని మీద ఒకటి కొయ్య చీలలతో బిగించుకుంటూ పోయి, పొట్ట తయారయ్యాక లోపల ఎముకలు పెడతారు. ఏ పలక ఎంత, ఎక్కడ అన్నది పెద్దమేస్త్రీ బుర్రలో ఉంటుంది. ఆయన్ని పన్రిత లోపి అంటారు. సందుల్లో చెట్టుబెరడు కూరుతారు. యునెస్కో వారు 2017లో మానవాళి వారసత్వ జాబితాలోకి ఎక్కించింది ఈ పనినే. జాగ్రత్తగా చదివితే అందులో "పడవ నిర్మాణ కళ" అని ఉంటుంది. పడవలో పడుకునే కళ గురించి ఏమీ రాయలేదు. ఆ లోటు కరపత్రాలు తీరుస్తున్నాయి.

అడుగు దూలం పెట్టిన రోజున దాని రెండు కొసలూ కొంచెం కొంచెం కోస్తారు. ముందు కొస ముక్కను సముద్రంలో వేస్తారు, వెనక కొస ముక్కను ఇంటికి తీసుకుపోతారు. సముద్రం మీదికి పోయే మగవాడు, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడమనిషి అని అర్థం. ఇక పడవను నీళ్ళలోకి దించే ముందు దూలం నట్టనడుమ చేతి బరమాతో ఒక చిల్లు పెడతారు. అది బొడ్డు. పుట్టిన బిడ్డకు బొడ్డు కోసినట్టే ఆ తంతు. దాన్ని అమ్మొస్సీ అంటారు, ఆ క్షణం నుంచి పడవకు ప్రాణం వచ్చినట్టు లెక్క.

మన వైపు సవాలు విసరాలంటే బొడ్డుకోసి పేరు పెడతానంటారు. రెండు పనులూ ఒకరే చెయ్యాలని మన తెలుగువాళ్ళ అమాయకపు ఊహ. ఇక్కడ పని విభజన జరిగింది. బొడ్డు కోసేది కొంజో మేస్త్రీ. పేరు పెట్టేది బాలిలోనో ఇంకా దూరాననో కూర్చున్న యజమాని. అతనికి సంస్కృతం మీద మోజు. ప్రాణ, పూర్ణమ అనే పేర్లున్న పినిసిలు ఇవాళ ఆ నీళ్ళలో తిరుగుతున్నాయి. పెంకులు ఎగిరిపోయే ఎండలో, నోట్లో లవంగాల సిగరెట్టుతో, నక్షా లేకుండా ఆ పడవను నిలబెట్టిన మనిషి పేరు ఏ కరపత్రంలోనూ నాకు కనపడలేదు. వంటవాడి పేరు మాత్రం ఉంది, ఏ దేశంలో వంట నేర్చుకున్నాడో సహా.

మేం ఎక్కింది ఆ జాతి కాదు లెండి. పదిమంది పంచుకునే పడవ. యాట్లకు బీదబంధువు. మా పక్కనే లంగరేసిన అసలు సిసలు యాట్‌ని రాత్రి రెండు గంటలసేపు చూస్తూ కూర్చున్నాను. తెల్లటి నారబట్టల జంట, తెల్లటి సోఫా, మసాజు బల్ల, దీపాల దండలు. "సముద్రపు నిశ్శబ్దం" అని కరపత్రంలో రాసింది వాళ్ళ గురించే. వాళ్ళ గదులు చల్లబరిచే జనరేటరు తెల్లవార్లూ మా చెవిలో మోగింది. నిశ్శబ్దం వాళ్ళ అద్దాల లోపలుంది, చప్పుడు మా వాటాకొచ్చింది. పంపకం అంటే అలాగే ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం తెరచాపలు ఎత్తుతారని కబురొచ్చింది. నేను చొక్కా మార్చుకుని మరీ వచ్చాను. ఒక్క మాట చెప్పాలి, అది దగ్గర నుంచి చూడాల్సిన దృశ్యమే. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఒక కుర్రాడు చెప్పులు విడిచి వాసం మీదికి పాకాడు. ముడులు విప్పుతుంటే బట్ట మడతల్లోంచి ముక్కవాసన గుప్పుమంది, పెళ్ళిళ్ళ సామాను గదిలో షామియానా విప్పినప్పుడు వచ్చే వాసన. మడతపడ్డ చోటల్లా బూజుచారలు. కింద నలుగురు "సాతూ, దువా, తీగా" అని లెక్కపెడుతూ తాడు లాగారు. రాట్నాలు కిర్రుమన్నాయి. మూడోసారికి బట్ట ఒక్కసారి గాలి పోసుకుని ఫెళ్ళుమంది. నా ఒళ్ళు జలదరించింది. అబద్ధమెందుకు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.

అంతలోకే అందరూ దిగాలన్నారు.

"ఎక్కడికి?" అన్నాను.

సెకోచిలోకి, అంటే చిన్న బోటులోకి. తెరచాపలెత్తిన పడవ ఫోటోలో పడాలంటే పడవలో ఉండకూడదట కదా! డ్రోను కుర్రాడు అప్పటికే తొందరపెడుతున్నాడు. గాలివాటున పోతున్న పినిసిలో కూర్చోవాలని ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసిన పదిమందీ ఆరంజి రంగు లైఫ్‌జాకెట్లు తొడుక్కుని, రబ్బరు బోటులో మోకాళ్ళు ముడుచుకుని, తమ పడవ తమను వదిలి పోతుంటే చప్పట్లు కొట్టారు. పదకొండు నిమిషాలు. నేను వాచీ చూశాను. తర్వాత తెర మూశారు.

పైకెక్కాక కెప్టెన్ దగ్గరికి పోయాను. వెలిసిపోయిన ఫుట్‌బాల్ జెర్సీ, అరవై దాటిన మనిషి. "పాక్ (మన 'అయ్యా' లాంటి పిలుపు), గాలి బాగానే ఉంది కదా, తెరచాపలు ఎత్తినప్పుడైనా ఇంజను ఆపకూడదా?" అని మా వాడి చేత అడిగించాను. ఈ దీవుల మధ్య జలసంధుల్లో ప్రవాహం మాటలు కాదు. ఆయన నవ్వి, "ఆపితే రాత్రి భోజనాలు సుంబా దీవిలో చెయ్యాలి," అన్నాడు. చిన్నప్పుడు నాన్నతో తెరచాపల మీద జావాకి కలప తోలాడట. ఇప్పుడు నెలకు జీతం వస్తోంది, రాత్రి నిద్రపోతున్నాను అన్నాడు. ఆ రోజులు మళ్ళీ రావాలనుందా అని అడగబోయి ఊరుకున్నాను. మెత్తటి పరుపు మీద పడుకుని వచ్చిన వాడు అడగాల్సిన ప్రశ్న కాదది.

డబ్బు సంగతి కూడా చెప్పెయ్యాలి. 1992లో ఇండొనేసియా అచ్చేసిన నూరు రూపియాల నోటు మీద పినిసి బొమ్మే ఉంటుంది. నూరు రూపియాలంటే ఇవాళ మన లెక్కలో సుమారు అర్ధరూపాయి. పేరున్న యాట్ పినిసిని ఒక్క రాత్రికి అద్దెకు తీసుకోవాలంటే పది వేల డాలర్లు దాటుతుంది. అంటే పడవ బొమ్మ ఉన్న నోట్లతోనే పడవెక్కుదామనుకుంటే దగ్గర దగ్గర పదహారు లక్షల నోట్లు కావాలి. అవి మోయడానికి ఇంకో పినిసి కావాలి, సరుకు మోసే రకం. అదృష్టవశాత్తు ఆ రకం ఇంకా బతికే ఉంది. జకార్తాలో సుండా కెలాపా రేవుకు పోతే, ఒడ్డుకూ పడవకూ మధ్య వేసిన సన్నటి పలక మీద బస్తాలతో నడిచే మనుషులు కనిపిస్తారు. వాళ్ళను ఫోటో తియ్యడానికి ఎవరూ దిగిపోనక్కర్లేదు.

కొమొడోలో వానాకాలం ముదిరితే ఈ యాట్లు తూర్పుకు, రాజా అంపత్ దీవుల వైపు పోతాయి. కొన్ని దారిలో బాందా దీవుల్లో ఆగుతాయి. "సుగంధద్రవ్యాల యాత్ర" అంటారు దాన్ని. ఆ జాజికాయ కోసమే డచ్చివాళ్ళు 1621లో బాందా జనాన్ని ఊచకోత కోశారు. లవంగాలకూ జాజికాయలకూ బదులివ్వడానికి బట్టలు కావాలని పదిహేడో శతాబ్దం మొదట్లోనే మన మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. బందరు నేతగాడి బట్ట అక్కడ జాజికాయగా మారేది. ఇప్పుడు అదే జాజికాయను గ్లాసులో కాక్‌టెయిల్ మీద గీరి, కోట చూపిస్తూ అందిస్తారు. చరిత్ర ఇంత తేలిగ్గా అరగడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే.

ఇంతకీ విమర్శకులకు నా జవాబు. ఈ యాట్ల బేరాలే లేకపోతే తానా బేరు ఇసుకలో ఇవాళ ఎన్ని దూలాలు పడేవి? సరుకంతా ఉక్కు ఓడలు ఎగరేసుకుపోయాయి. కాలిమంతాన్ నుంచి రావాల్సిన ఉలిన్ అనే ఇనుపకర్ర దొరకడమే గగనమైంది, దొరికినా ధర మండుతోంది. బియ్యం వ్యాపారి ఆ ధర పెట్టి పడవ కట్టించడు. సెలవుల వ్యాపారి కట్టిస్తాడు. పడవలు కట్టే ఆ ఊళ్ళలో నూటికి డెబ్భై మంది పడవల మీదే బతుకుతున్నారని యునెస్కో పత్రమే చెబుతోంది. కాబట్టి మేస్త్రీ కొడుకు చేతికి ఉలి అందుతోందంటే అందులో ఆ తెల్లసోఫా వాటా ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. బొడ్డుకు పక్కనే ఒక మూల ఆ మేస్త్రీ పేరు కూడా చెక్కితే సోఫా మెత్తదనం తగ్గదని మాత్రం అనిపిస్తుంది. చిన్న మాటే, పట్టించుకోకండి.

తిరిగొచ్చాక మా మేనల్లుడు డ్రోను ఫోటోను చుట్టాల గ్రూపులో పెట్టాడు. నీలం సముద్రం, వెనక గోధుమరంగు కొండలు, ఏడు తెరచాపలూ పూరీల్లా ఉబ్బిన పడవ. నలభై మూడు దండాలు, పదకొండు మంటల బొమ్మలు వచ్చాయి. ఆఖర్న మా అక్క, అంటే వాడి తల్లి, కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి మెసేజి పెట్టింది:

"పడవ చాలా బాగుందిరా. ఇందులో మీరేరీ?"