కుక్కపిల్లకు కావాల్సింది నాయకుడు కాదు

కుక్కపిల్లను తెచ్చుకున్న ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు పంపే వాట్సాప్ మెసేజ్ ఒకటుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ నెలలోనే రెండుసార్లు వచ్చింది. కుక్క తోడేలు జాతిది, గుంపులో పెత్తనం కోసం పోటీ పడుతుంది, కాబట్టి ఇంట్లో నాయకుడు మీరేనని మొదటి రోజే చూపించండి అని దాని సారాంశం. మీరు తిన్నాకే దానికి పెట్టాలి. ఇంట్లో ఉచ్చ పోస్తే ముక్కు అందులో రాయాలి. గుర్రుమంటే వెల్లకిలా పడేసి నొక్కిపట్టాలి. టపాసులకు భయపడితే దగ్గరకు తీయకూడదు. చివర్లో 'దండం దశగుణం భవేత్' అని కొసమెరుపు.

మా కింది అంతస్తులో ఒక కుటుంబం నాలుగు నెలల కుక్కపిల్ల మీద ఇవన్నీ మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. ఆ పాప కోసమే ఇది రాస్తున్నాను.

ముందు తోడేళ్ల సంగతి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉన్న తోడేళ్లను గమనించి, అవి హోదా కోసం కొట్లాడుకుంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మీచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన పుస్తకంలో గుంపు నాయకుడికి 'ఆల్ఫా' అనే మాట వాడాక అది లోకమంతా పాకింది. తర్వాత ఆయనే అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, అక్కడ 'ఆల్ఫా' అనే మాట సరిపోదని 1999లో రాశాడు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చినాయనే దాన్ని వద్దన్నాడు. మన మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పైగా కుక్క తోడేలు కాదు. వేల ఏళ్లుగా మన గిన్నెల్లో మిగిలింది తిని బతికిన జంతువు. తోడేలు కంటే కుక్క పిండిపదార్థాలను బాగా అరిగించుకోగలదని, ఆ తేడా దాని జన్యువుల్లోనే ఉందని స్వీడన్ పరిశోధకులు 2013లో చూపించారు. మన పెరుగన్నానికి అలవాటుపడిన ప్రాణికి అడవి రాజకీయాలు అంటగట్టడం ఎందుకు?

మనం ముందు తినాలన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎవరు ముందు తిన్నారో కుక్క లెక్కపెట్టుకోదు. కానీ మీ భోజనం రాత్రి పదింటికైతే, రోజుకు మూడుసార్లు తినాల్సిన పిల్ల అప్పటిదాకా ఆకలితో ఉంటుంది. దానికి కావాల్సింది రోజూ ఒకే వేళ.

ఉచ్చలో ముక్కు రాయడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. పగటిపూట కుక్కపిల్ల ఎన్ని గంటలు ఆపుకోగలదో తెలియాలంటే దాని వయసు నెలలకు ఒకటి కలపండి. ఇది ఉజ్జాయింపు లెక్క, అదీ గరిష్ఠం. రెండు నెలల పిల్ల మూడు గంటలు ఆపుకుంటే గొప్పే. ఆపుకోలేకపోవడం తప్పు కాదు. ఇక పది నిమిషాల కిందట చేసినదానికి ఇప్పుడు శిక్షిస్తే, దేనికి పడిందో దానికి తెలియదు. ఈ మనిషి ముందు ఉచ్చ పోస్తే ప్రమాదం అన్నది మాత్రం తెలుస్తుంది. అందుకే మంచం కిందకో సోఫా వెనక్కో వెళ్లి పోస్తుంది. బెల్టు పట్టుకుని అరగంట తిప్పినా మీ ఎదుట పోయదు, ఇంటికొచ్చాక మూలకు పోతుంది. దీన్నే మొండితనం అంటున్నారు.

'చేసిన తప్పు దానికి తెలుసు, ముఖం చూడండి' అంటారు. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో దీన్నే పరీక్షించింది. తినొద్దన్నది తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే కుక్క ఆ ముఖం పెట్టింది. తప్పు చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. మనం అపరాధభావం అనుకునేది, మన కోపాన్ని చూసి అది చేసే బతిమాలుడు.

నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్లండి. పని అయిన మరుక్షణం అక్కడే మెచ్చుకుని చిన్న ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే ఇంటికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. లోపల పోసినచోట ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకే వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది గుర్రుమంటే పడేసి నొక్కమనే సలహా. గుర్రుమనడం తిరుగుబాటు కాదు, హెచ్చరిక. అంతకుముందే అది పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పుతుంది, ఒళ్లు బిగబడుతుంది, కనుగుడ్డు పక్కన తెల్లభాగం కనిపిస్తుంది. అవేవీ మనం పట్టించుకోకపోతేనే గొంతు వాడుతుంది. మా దేశవాళీ కుక్కను మొదటి ఏడాది నేనూ గుర్రుమన్న ప్రతిసారీ గట్టిగా గదమాయించాను. మానేసింది. బుద్ధొచ్చిందని సంతోషించాను. కొన్నాళ్లకు, అది తింటుండగా మా మామయ్య గిన్నె జరపబోతే చెయ్యి కొరికేసింది. ముందు ఒక్క చప్పుడు చేయలేదు. ఆ చప్పుడు చేయొద్దని నేర్పింది నేనే.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో 140 మంది యజమానుల సర్వే ప్రచురించారు. కుక్కను కొట్టినవాళ్లలో, తన్నినవాళ్లలో 43 శాతం మంది అది ఎదురుతిరిగిందన్నారు. వెల్లకిలా పడేసినవాళ్లలో 31 శాతం మందిదీ అదే అనుభవం. ఆ పని ఇంట్లో పెద్దవాళ్లు చేస్తారు, చూసి పిల్లలు చేస్తారు. వాళ్ల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది.

'మా ఊళ్లో కుక్కల్ని ఇలాగే పెంచాం' అనేవాళ్లకు ఒక్క మాట. ఊళ్లో కుక్క వాకిట్లో ఉండేది. నచ్చకపోతే లేచి వేపచెట్టు కిందికి పోయేది. గుర్రుమంటే 'దాని జోలికి పోకురా' అని పెద్దవాళ్లు పిల్లల్నే అదిలించేవాళ్లు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో అది ఎక్కడికి పోతుంది?

గిన్నె లాక్కోకండి. తింటుంటే పక్కనుంచి వెళ్తూ ఇంకాస్త మంచి ముక్క వేసి వెళ్లిపోండి. నోట్లో చెప్పు ఉంటే, ఉడికించిన చికెనో పనీరో చూపించి 'ఇచ్చెయ్' అనండి. ఒకవేళ పన్ను దిగితే, మన కుక్కేగా అనుకోకండి. సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

దగ్గరకు తీస్తే భయం పెరుగుతుందన్నదీ తప్పే. భయం బిస్కెట్ కోసం చేసే పని కాదు, ఓదార్చినంత మాత్రాన అలవాటైపోదు. దీపావళి రోజు చీకటి పడకముందే తిప్పుకొచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి ఫ్యానో టీవీయో పెట్టండి. ఒళ్లో కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. బెదిరి పారిపోయే కుక్కలుంటాయి కాబట్టి మెడపట్టీకి ఫోన్ నంబరు తగిలించండి. మరీ వణికిపోయేదైతే పది రోజుల ముందే పశువైద్యుడితో మాట్లాడండి, మన మాత్రలు మాత్రం వేయకండి.

ఇక దండం. కొడితే కుక్క ఆగుతుంది, నిజమే. అది నేర్చుకుని ఆగడం కాదు, బిగుసుకుపోవడం. పోర్చుగల్‌లో శిక్షణ కేంద్రాలకు వెళ్లే 92 కుక్కలను గమనించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. శిక్షలతో నేర్పే కేంద్రాల కుక్కల్లో శిక్షణ సమయంలో టెన్షన్ లక్షణాలు ఎక్కువ, ఆ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువ పెరిగింది.

కింది అంతస్తు ఆవిడ నిన్న లిఫ్ట్ దగ్గర ఆపి, ఇంతకీ ముందు ఏం చేయమంటారు అని అడిగారు. అది తింటున్నంతసేపు పాపను వేరే గదిలో ఉంచమన్నాను. సాయంత్రం పాప చేత చికెన్ ముక్క కాస్త దూరంగా నేల మీద వేయించమన్నాను, చేతితో పెట్టించడం తర్వాత చూద్దామన్నాను. ఆ మెసేజ్ మీ గ్రూపులోకీ వస్తే, దాని కిందే ఒక్క వాక్యం రాయండి: పిల్లలున్న ఇళ్లలో కుక్కను వెల్లకిలా పడేయొద్దు.