‘బై ఫ్రైడే’ భాష్యం

చెన్నైలో, ముఖ్యంగా పాత మహాబలిపురం రోడ్డు పొడవునా ఉన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో పనిచేసే మన తెలుగువారి ఇంగ్లిషు మీద వ్యాకరణప్రియులు కొందరు కత్తి కట్టారు. ‘బై ఫ్రైడే’ (శుక్రవారానికల్లా) అనవలసిన చోట ‘టిల్ ఫ్రైడే’ (శుక్రవారం దాకా) అంటున్నారనీ, ‘ఆన్ టైమ్’కూ ‘ఇన్ టైమ్’కూ తేడా పాటించరనీ, ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’ను పట్టుకుని ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ చేస్తున్నారనీ వారి అభియోగం. అందులో వ్యాకరణం నిర్దుష్టంగానే ఉంది, లోపించినది లోకజ్ఞానం. కాలాన్ని తెలిపే ఇంగ్లిషు మాటను ఎంచుకునే ఉద్యోగి దాని అర్థం కోసం చూడడు. రేపు ఎవరైనా నిలదీస్తే ఆ మాట తన పక్షాన నిలబడుతుందా లేదా అన్నదే చూస్తాడు.

‘రిపోర్టు టిల్ ఫ్రైడే రెడీ చేస్తాను’ అని సోమవారం నాడు ఒకాయన మెయిల్ పంపాడనుకుందాం. వ్యాకరణవేత్త నవ్వుతాడు. శుక్రవారం సాయంత్రం మేనేజరు వచ్చి ఏదయ్యా రిపోర్టు అని అడిగినప్పుడు మాత్రం నవ్వవలసినవాడు మెయిల్ పంపినవాడే. ‘ఫ్రైడే దాకా చేస్తానన్నాను కదండీ, చేస్తూనే ఉన్నాను’ అని ఆయన సవినయంగా మనవి చేసుకుంటే దానికి తిరుగు లేదు. సరైన ఇంగ్లిషు రాసిన పక్కసీటు మనిషికి ఆ అదృష్టం ఉండదు.

అలాగని ‘బై ఫ్రైడే’ రాసినవాడు పూర్తిగా దిక్కులేనివాడు కాడు. అందులో శుక్రవారం కలుస్తుందా, గురువారంతోనే గడువు ముగుస్తుందా అన్న శంక వస్తుందనే కదా వకీళ్లు ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని నాలుగక్షరాలు ఎక్కువ రాసి ఫీజు పుచ్చుకుంటారు! శుక్రవారం కలుస్తుందని ఒప్పుకున్నా, ఆ శుక్రవారం ఏ ఊరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. క్లయింటు న్యూయార్కులో ఉంటే అక్కడి శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు మనకు శనివారం తెల్లవారుజామున మూడున్నర. నవంబరు మొదటి ఆదివారం నాడు అమెరికావారు గడియారాలను వెనక్కి తిప్పుకున్నాక అదే నాలుగున్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం వరకు అలాగే కొనసాగుతుంది. ఏటా నాలుగు నెలల పాటు ప్రతి గడువుకూ ఉచితంగా ఒక గంట చేర్చి పెట్టే ఆ దేశపు శాసనకర్తలకు మన ఉద్యోగి మనసులోనే నమస్కరించుకుంటాడు. ‘ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే) అని రాసి వదిలేసి ఎవరి దినాంతమో చెప్పకపోవడంలోని సొగసు ఇక్కడే ఉంది.

‘నెక్స్ట్ ఫ్రైడే’ విషయంలో రెండు మతాలున్నాయి. రాబోయే తొలి శుక్రవారమే నెక్స్ట్ అని ఒకటి, అది దిస్ కనుక దాని తరవాతిదే నెక్స్ట్ అని రెండోది. ఇంగ్లిషులోనే పుట్టి పెరిగినవారి మధ్యే తేలని ఈ తగాదాను మనం తేల్చబోవడం అధికప్రసంగం. వివేకి రెండు మతాలనూ గౌరవిస్తాడు, అవసరాన్ని బట్టి.

‘‘నెక్స్ట్ ఫ్రైడే ఇస్తానన్నావు. రేపే కదయ్యా?’’

‘‘రేపటిది దిస్ ఫ్రైడే అండీ. నేను చెప్పింది పై వారం.’’

ఇలా జవాబిచ్చిన పెద్దమనిషే, ఇంక్రిమెంటు ఉత్తరాలు నెక్స్ట్ ఫ్రైడే వస్తాయని బుధవారం విన్నప్పుడు, రెండు రోజులు తిరగకుండా హెచ్ఆర్ గుమ్మంలో నిలబడ్డాడు.

‘బైవీక్లీ’ సంగతి ఇంకా హాయి. వారానికి రెండుసార్లు అన్నా, రెండు వారాలకోసారి అన్నా నిఘంటువు కాదనదు కనుక, మీటింగు పెట్టేవాడు మొదటి అర్థాన్నీ ఎగ్గొట్టేవాడు రెండో అర్థాన్నీ తీసుకుంటారు. మన దేశంలో వాడుకకెక్కి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాకా వెళ్లిన ‘ప్రీపోన్’ (అనుకున్న వేళ కన్నా ముందే పెట్టుకోవడం) మీటింగులకే పరిమితమైపోయింది, పనిని ప్రీపోన్ చేసినవాడిని నేనైతే చూడలేదు.

అస్పష్టతను తిట్టేవారు ఒక్కసారి సెంట్రల్ స్టేషనుకు వెళ్లి స్పష్టత చేసే కీడును కళ్లారా చూడాలి. రైల్వేవారు ఏఎమ్, పీఎమ్ గొడవ లేకుండా ఇరవైనాలుగు గంటల లెక్క పెట్టుకున్నారు. టిక్కెట్టు మీద 15వ తేదీ 00:10 అని ముత్యాల్లాంటి అంకెలుంటాయి. 15వ తేదీ రాత్రి పెరుగన్నం తిని, పెట్టెలు సర్దుకుని, పిల్లలను నిద్ర లేపి ప్లాట్‌ఫారం చేరిన కుటుంబానికి ఆ బండి నిన్న రాత్రే వెళ్లిపోయిందని టీసీ చెబుతాడు. అంకెల్లో తప్పు లేదు, కుటుంబంలోనూ తప్పు లేదు. అయినా టిక్కెట్టు డబ్బులు పోయాయి. ‘మిడ్‌నైట్ టైముకి’ అని ఎవరైనా నోటిమాటగా చెప్పి ఉంటే అనుమానం వచ్చి ఇంకొకరిని అడిగేవారు.

అసలు ఈ నగరం నుంచి ఇంకా కచ్చితత్వం కోరడం కృతఘ్నత. 1792లో నుంగంబాక్కంలో నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టారు, 1802లో గోల్డింగ్‌హామ్ అనే దొర గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల ముందుండే మద్రాసు టైమును స్థిరపరిచాడు. కలకత్తాకు ఒక టైము, బొంబాయికి ఒక టైము ఉన్న రోజుల్లో మధ్యస్థంగా ఉందని రైల్వేలు మద్రాసు టైమునే పట్టుకున్నాయి. ఆ వేధశాల రాతిస్తంభం మీద తమిళంతో పాటు తెలుగు కూడా చెక్కి ఉంది కనుక ఈ కీర్తిలో మనకూ వాటా ఉంది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చి గడియారాలు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయి. అనుకున్న వేళ కన్నా ముందుకు జరగడం ఈ ఊరిలో అదే ఆఖరు అని నా అనుమానం.

ఇంతటి సంప్రదాయాన్ని చెరపడానికి ఒక కంపెనీవారు ఇటీవల కాలవాచకాల మీద శిక్షణ తరగతి పెట్టారు. నోటీసులో ‘నెక్స్ట్ ఫ్రైడే, 12 ఏఎమ్’ అని వేశారు. మధ్యాహ్నమే అయి ఉంటుందని సగం మంది ఈ శుక్రవారం, సగం మంది పై శుక్రవారం సమావేశ మందిరానికి వెళ్లారు. పాఠం చెప్పేవాడు ఏ వారమూ రాలేదు కానీ హాజరుపట్టీలో రెండు వారాలూ సంతకాలు నిండాయి. సర్టిఫికెట్లు షార్ట్‌లీ అందుతాయని మెయిల్ వచ్చింది.