డిలీట్ కొడితే లెక్క తీరిపోతుందా?

బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసి దొరికిపోయిన రీల్స్ కుర్రాళ్ల తీరిది. పేజీ మాయం. పాత వీడియోలు మాయం. బయోలో పెట్టిన లింకూ మాయం. మిగిలేది ఒక్క 'సారీ' వీడియో. మేకప్ లేకుండా మంచం అంచున కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ 'తెలియక చేశాం, మీ తమ్ముళ్లలా క్షమించండి' అని ఒకటిన్నర నిమిషం మాట్లాడతారు. కొన్నాళ్లాగితే అదే గొంతు ఇంకో పేరుతో, ఇంకో పేజీలో, ఏదో బిర్యానీ హోటల్ ముందు నిలబడి 'మామా, టేస్ట్ మామూలుగా లేదు' అంటుంటుంది. బెట్టింగ్ యాప్‌ల మీద అంత హడావుడిగా కేసులు పెట్టిన ఊళ్లో ఇది ఇంత సాఫీగా సాగిపోతోందంటే, డబ్బు తీసుకో, దొరికితే డిలీట్ కొట్టు, సారీ చెప్పి మళ్లీ రా అన్నది మన దగ్గర ఒక ఆనవాయితీ అయిపోతున్నట్టే. మా కోపమంతా ఆ ఆనవాయితీ మీదే.

బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో నమోదైన కేసుల గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేం లేదు. ఒకదాంట్లో 11 మంది మీద, ఇంకోదాంట్లో 25 మంది మీద. తర్వాత ఈడీ దిగింది, సినిమా తారలను పిలిచి గంటల తరబడి ప్రశ్నించింది, టీవీ కెమెరాలు వాళ్ల కార్ల వెంట పరిగెత్తాయి. ఆ సందట్లో జనం మరిచిపోయింది రీల్స్ బ్యాచ్‌లను. మణికొండలోనో కొండాపూర్‌లోనో ఒక ఫ్లాట్ తీసుకుని, హాల్లో సోఫా గోడకి జరిపి రింగ్ లైటు పెట్టుకుని, ఒకడి రీల్లో ఇంకొకడు కనిపిస్తూ, ఫాలోవర్లను పంచుకుంటూ పెరిగిన గ్రూపులివి. ఒకరు నవ్విస్తారు, ఒకరు ఏడిపిస్తారు, ఒకరు మంచం మీద నోట్ల కట్టలు పరిచి 'నాకు రోజుకి ఇంత వస్తుంది, లింక్ బయోలో ఉంది' అంటారు. ఒక్క రీల్‌కి కొలాబ్ పెడితే చాలు, అందరి పేజీల్లోనూ అదే కనిపిస్తుంది.

ఈ ఫార్ములా మనవాళ్లు కనిపెట్టింది కాదు. 2019 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో కొందరు టిక్‌టాక్ కుర్రాళ్లు ఒక పెద్ద బంగళా తీసుకుని 'హైప్ హౌస్' అని పేరు పెట్టారు. ఒకే ఇంట్లో ఉంటే ఒకరి అభిమానులు అందరికీ అభిమానులవుతారు, పొద్దస్తమానం వీడియోలు తీసుకోవచ్చు, బ్రాండ్లు గుమ్మం దగ్గరికే వస్తాయి. లెక్క అంతవరకు బాగానే కుదిరింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఇల్లు పెట్టినవాళ్లలో ఒకమ్మాయి గొడవపడి వెళ్లిపోయింది. ఇంటికి అసలు ఆకర్షణ అయిన డామెలియో అక్కచెల్లెళ్లు 2020 మే కల్లా పక్కకి తప్పుకున్నారు. 2022 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వాళ్ల షో వచ్చే నాటికి ఆ ఊపు ఎప్పుడో పోయింది.

దాని పక్కనే పుట్టిన 'స్వే హౌస్' కథ ఇంకా చిన్నది. 2020 జనవరిలో మొదలైంది, 2021 ఫిబ్రవరిలో మూసేశారు. మధ్యలో కొవిడ్ రోజుల్లో ఆ బ్యాచ్ కుర్రాళ్లు హాలీవుడ్ హిల్స్‌లోని ఒక ఇంట్లో పార్టీల మీద పార్టీలు చేస్తుంటే, ఆగస్టులో నగర మేయర్ ఎరిక్ గార్సెట్టి ఆ ఇంటికి కరెంటు కట్ చేయించాడు. గమనించాల్సింది ఇదే. అక్కడ కనీసం ఒక ఇల్లుంది, ఇంటికో మీటరుంది, మేయర్‌కి పీకడానికి ఒక ఫ్యూజు దొరికింది. మన దగ్గర ఆ ఫ్యూజు కూడా లేదు.

మన దేశంలో ఇలాంటి తొలి బ్యాచ్‌లలో ముంబయి 'టీమ్ 07' ఒకటి. 2019 జులైలో జార్ఖండ్ మూకదాడి మీద చేసిన ఒక వీడియోకి పోలీసులు కేసు పెట్టారు, టిక్‌టాక్ వాళ్ల ఖాతాలు ఆపేసింది, వాళ్లు వీడియో తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ కేసులో మంచిచెడ్డలు వేరే చర్చ. మరుసటి ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించాక ఆ టీమ్‌లోని వాళ్లు ఎవరి దారిన వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌కీ టీవీ షోలకీ వెళ్లిపోయారు. పేరు పాతబడింది, మనుషులు మిగిలారు. అందులో తప్పేం లేదు. కానీ పేరుతో పాటు బాధ్యత కూడా పాతబడిపోతుందని మన బ్యాచ్‌లు నేర్చుకున్నట్టున్నాయి, మేం ఒప్పుకోలేనిది అదీ.

పల్లె నుంచి చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేకుండా వచ్చి పేరు తెచ్చుకున్న పిల్లల పొట్ట కొట్టొద్దని, అసలు తప్పు యాప్‌లదనీ అనేవాళ్లున్నారు. టిక్‌టాక్ పోయినప్పుడు అలాంటి పిల్లలు చాలామంది నిజంగానే రోడ్డున పడ్డారు, కాదనం. అయితే ప్రమోషన్ డబ్బు చేతిలో పడ్డప్పుడు లేని అమాయకత్వం పోలీసు నోటీసు వచ్చాక ఎక్కడి నుంచి పుట్టుకొస్తుంది? డబ్బులొచ్చేటప్పుడు 'మా టీమ్', కేసు వచ్చాక 'నాకేం తెలీదు సార్, పేమెంట్ అంతా మేనేజర్ చూసుకునేవాడు'. చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేస్తే జనం వెళ్లి షట్టర్ ముందు కూర్చునేవాళ్లు, కనీసం తిట్టుకోవడానికి ఒక షట్టరుండేది. వీళ్లకి బోర్డే లేదు.

చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. తెలంగాణలో ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే నిషేధించారు. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవాడికి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, ఏడాది నుంచి మూడేళ్ల దాకా ప్రమోషన్లు చేయకుండా ఆపొచ్చు. డబ్బు తీసుకుని చేసిన పోస్టు అయితే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. ఇన్ని ఉన్నా ఒక వీడియో డిలీట్ చేస్తే అన్నీ చల్లబడుతున్నాయంటే లోపం చట్టంలో లేదు, వాడాల్సిన వాళ్ల దగ్గరుంది.

వాళ్లని అడుగుదామంటే అక్కడా ఇదే బాగోతం. జూదం మీద ఎనిమిదేళ్లుగా నిషేధం ఉన్న నగరంలో 2025 మార్చిలో సాక్షాత్తూ మెట్రో రైళ్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు కనిపించాయి. గొడవయ్యాక వెంటనే తీసేయమని మెట్రో ఎండీ ఎన్వీఎస్ రెడ్డి ఆదేశించారు. స్టిక్కర్లు పీకేశారు, అయిపోయింది. అంతకుముందు వాటి మీద వచ్చిన డబ్బు సంగతి ఎవరు అడిగారు? రీల్స్ కుర్రాడు డిలీట్ కొడితే 'ఊరుకోం' అంటున్న మేం, మెట్రో డిలీట్ కొడితే మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

బాధితుల వైపు మాత్రం ఏదీ డిలీట్ కాదు. లింక్ నొక్కినవాడు ముందు జీతం పోగొట్టుకుంటాడు, తర్వాత లోన్ యాప్‌లో అప్పు చేస్తాడు, ఆ తర్వాత రికవరీవాళ్లు వాడి ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ, చివరికి మేనమామకి కూడా ఫోన్ చేస్తారు. పరువు పోయిందని ఉరేసుకున్న కుర్రాళ్ల వార్తలు మా జిల్లా పేజీల్లో వేసీ వేసీ విసిగిపోయాం. ఆ ఇళ్లలో ఎవరికీ కొత్త పేరుతో కొత్త పేజీ తెరుచుకునే వీలు లేదు.

కాబట్టి అడిగేది సూటిగా అడుగుతున్నాం. పంజాగుట్ట, మియాపూర్ కేసులు ఎక్కడిదాకా వచ్చాయో పోలీసులు జనానికి చెప్పాలి. ఎవరి ఖాతాలో ఎంత పడింది, అందులో ఎంత స్తంభింపజేశారు, ఛార్జిషీటులో గ్రూపుల మేనేజర్ల పేర్లున్నాయా, లేక కెమెరా ముందు కనిపించిన ముఖాలేనా? ఆర్టీసీ ఎండీగా ఉన్నప్పుడు సజ్జనార్ సోషల్ మీడియాలో ఊరుకోకుండా వెంటపడ్డాకే ఈ కేసులకు ఊపొచ్చింది, ఆ తర్వాత ఆయనే నగర పోలీస్ కమిషనర్ అయ్యారు. అంటే మా ప్రశ్న చేరాల్సిన చోటికి చేరకపోవడానికి సాకేం లేదు. ఇంకో మాట, ట్రాఫిక్ మీదో డ్రగ్స్ మీదో అవగాహన వీడియోలకి ఇన్‌ఫ్లుయెన్సర్లను పిలిచే శాఖలు, పిలిచే ముందు వాళ్ల పాత పోస్టుల స్క్రీన్‌షాట్లు ఒక్కసారి వెతుక్కుంటే బాగుంటుంది, జనం ఫోన్లలో అవి ఇంకా భద్రంగానే ఉన్నాయి.

ఇక బ్యాచ్‌ల మహానుభావులకు. వెయ్యి మంది ఫాలోవర్లు పెరిగితే స్క్రీన్‌షాట్ తీసి స్టోరీ పెట్టుకున్నారు, కేక్ కోసుకున్నారు, వ్యూస్ లెక్క గంట గంటకీ చూసుకున్నారు. అలాంటి మీకు ఏ నెలలో ఏ యాప్ నుంచి ఎంత పడిందో మాత్రం గుర్తు లేదట! ఆ మాట నమ్మే పోలీసు అధికారి ఎవరైనా ఉంటే, ఆయన కూడా మీ సారీ వీడియో కింద ఒక లైక్ కొట్టేసి ఫైలు మూసేసుకుని ఇంటికెళ్లొచ్చు.