ముద్ర పోయాక మెరుపెందుకు?
ఇంగ్లండ్‌లో చాకులకి పేరుపడ్డ షెఫీల్డ్ ఊళ్లో చేసిన పాత చాకుని బఫింగ్ వీల్ (మెరుగు పెట్టే చక్రం) మీద అద్దంలా మెరిపిస్తే ధర పెరుగుతుందని పాత చాకుల మీద వచ్చిన వ్యాసంలో రాశారు, ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను. తెలిసినవాళ్లు ముందు చూసేది బ్లేడు మొదట్లో, పిడికి ఆనుకుని ఉండే తయారీదారు ముద్ర. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీది అయితే నక్షత్రం, మాల్టా శిలువ. వోస్టెన్‌హోమ్ కంపెనీది అయితే ఐఎక్స్ఎల్ (IXL) అనే అక్షరాలు. కింద 'ఇంగ్లండ్' అని కూడా ఉంటే చాలావరకు 1891 తర్వాతి సరుకే, అమెరికాకు పంపాలంటే అప్పటినుంచి దేశం పేరు వేయాల్సి వచ్చింది కాబట్టి. ఆ అచ్చు లోతెంతని! రెండుసార్లు చక్రానికి ఆనిస్తే శిలువ కాస్తా ఉత్త మచ్చయి కూర్చుంటుంది. కార్బన్ స్టీలు మీద పట్టే బూడిదరంగు పొరని అలాగే వదిలేయాలి. ఎర్రగా పొడి రాలే తుప్పునే తీయాలి. దానికి నాలుగు చుక్కల నూనె వేసి రాత్రంతా నాననిచ్చి, బాగా సన్నటి స్టీల్ ఊల్‌తో నెమ్మదిగా రుద్దితే చాలు. కీలు సందులో గట్టిపడ్డ జిడ్డుని నేను టూత్‌పిక్‌తో తీస్తాను, విసుగే అనుకోండి. ఇంకోటి, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి ఉన్న చాకుని మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకండి. ఆ పిడి పాడవడం మొదలైతే వచ్చే ఆవిరికి పక్క చాకుల బ్లేడ్లు కూడా తుప్పు పడతాయి.