వానొస్తే రైతుకి పండగేనట!

మొంథా తుఫాను తీరం దాటిన 2025 అక్టోబరు 28 నుంచి ఒకటే మెసేజ్. కాలేజీ గ్రూపులో ఇద్దరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, ఆఖరికి మా బావగారూ పంపారు. "వానొస్తే రైతుకి పండగే. మన పన్నులు, వాళ్ళ జేబులు" అని మొదలై, పంట నష్టానికీ పశువులకీ సర్కారు ఇచ్చే పరిహారం మీద కింద ఐదు పాయింట్లు. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి బావగారు నవ్వే బొమ్మ కూడా తగిలించారు.

"గేదె చస్తే లక్ష." కాదు. కేంద్రం నిబంధనల్లో 37,500. 2024 వరదల తర్వాత ఆంధ్ర ప్రభుత్వం 50,000 చేసింది. ఆ డబ్బుతో పాలిచ్చే ముర్రా గేదె ఎక్కడ దొరుకుతుందో ఈ మెసేజ్ రాసినాయన చూపిస్తే నేనే కొంటాను.

"బీమా వేరే, పరిహారం వేరే, రెండూ తింటారు." బీమాకి రైతు ప్రీమియం కడతాడు. మీ కారుకి క్లెయిమ్ వచ్చినప్పుడు తిన్నారని ఎవరైనా అన్నారా?

"నాలుగు చినుకులు పడితే చాలు." పంటలో 33 శాతం నష్టం తేలాలి. 30 శాతం పోతే సున్నా. 2015కి ముందు ఈ గీత 50 దగ్గర ఉండేది. ఆపైన హెక్టార్ల పరిమితి, ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే ఈ-క్రాప్‌లో నమోదు, పొలం గట్టుమీదకొచ్చి ఫొటో తీసుకునే అధికారి, జాబితాలో పేరు. చినుకులట!

"పెట్టుబడి మొత్తం వెనక్కొస్తుంది." ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. కేంద్రం లెక్క నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000, అంటే ఎకరాకు ఏడు వేలకు కాస్త తక్కువ. 2024లో వరికి రాష్ట్రం దాన్ని 25,000కి పెంచింది, ఎకరాకు సుమారు 10,000. మా పొలం కౌలుకి చేసే ఆయన్ని అడిగితే దమ్ము, ఊడ్పు, ఎరువులు, మందులు కలిపి ఎకరాకు 30,000 దాటిందన్నాడు. మాకిచ్చే మక్తా, అంటే కౌలు, ఇందులో లేదు. పడిపోయిన చేను కొయ్యాలంటే చైన్ చక్రాల కోత మెషినే దిగాలి, అదీ గంటల లెక్క, మామూలు చేనుకంటే రెట్టింపు సేపు. నీళ్ళలో నానిన కంకి ఒకటి తుంచి నా చేతిలో పెట్టాడు. ఒక్కో గింజకీ తెల్లటి మొలక. దాన్ని ఏ మిల్లరు ఏ రేటుకి కొంటాడో పండగ అన్నవాళ్ళే చెప్పాలి. అసలు ఆ డబ్బుని సర్కారు కూడా పెట్టుబడి రాయితీ అంటుంది గానీ పంట ఖరీదు అనదు. పేరులోనే ఉంది, చదువుకున్నవాళ్ళం కదా, చదవొచ్చు.

ఇక ఐదోది: "పంట వేయనోడికి కూడా డబ్బు పడుతుంది."

ఇది నిజం.

2024 జులైలో ఎర్రకాలువ పొంగి మా రెండెకరాలూ మునిగాయి. ఊడ్చి వారం కాలేదు. నారంతా కుళ్ళిపోతే ఆయన అప్పు తెచ్చి మళ్ళీ ఊడ్చాడు. పరిహారం మాత్రం నా ఖాతాలో పడింది. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ తాగుతుంటే మెసేజ్ టింగుమంది. ఎందుకంటే కౌలు రైతుకిచ్చే సాగుదారు కార్డుకి, పొలం యజమానిగా నన్ను సంతకం పెట్టమని ఆయన రెండుసార్లు అడిగాడు. "కార్డు రాసిస్తే రేపు పొలం నాదంటాడు" అంది అమ్మ. ఆ కార్డు పదకొండు నెలలదనీ, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదనీ నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఈ-క్రాప్‌లో నా పేరే ఎక్కింది. డబ్బు ఆయనకి పంపాను, నిజమే. కానీ అమ్మ ఫోన్ చేసి గుర్తుచేశాకే, నెల తర్వాత.

కాబట్టి బావగారూ, ఆ పంట వేయనోణ్ణి నేనే. ఉంగుటూరు దగ్గర మీ మూడెకరాల కార్డు మీద ఎవరు సంతకం పెట్టారో గ్రూపులో చెప్పమంటారా?