చంపిందెవరో తెలిశాకే ఏడుద్దామా?

సెప్టెంబర్ వస్తే మన ఓరుగల్లు వాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు పనులు తప్పవు. తొమ్మిదో తారీఖున కాళోజీ ఫొటో పెట్టి పిల్లలతో భాషా దినోత్సవం జరపడం, హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన పదిహేడున అది విమోచనమా, విలీనమా, విద్రోహమా అని అర్ధరాత్రి దాకా తిట్టుకోవడం. తిట్టుకుంటే తిట్టుకోనీ, ఓరుగల్లు వాళ్లం, ఒక మాట పడేవాళ్లం కాదు. నా బాధల్లా ఆ తగువులో చచ్చిపోయినవాళ్లను పేకముక్కల్లా విసురుకోవడం మీదే. ఒకాయన పరకాల అంటాడు, ఇంకొకాయన వెంటనే సుందర్‌లాల్ కమిటీ అంటాడు, మూడో ఆయన దిగి మరి నక్సలైట్లు చంపినోళ్ల సంగతేంది అంటాడు.

ముగ్గురూ చెప్పేది నిజమే. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనాన్ని కాల్చారు. మరుసటేడు ఆగస్టు 27న బైరాన్‌పల్లి. అంతకుముందు రజాకార్లను, అంటే నిజాం తరఫున ఊళ్ల మీద పడ్డ కాసిం రజ్వీ దండును, ఊరివాళ్లు బురుజు మీద కాపలా ఉండి తరిమికొట్టారు కాబట్టి ఈసారి నిజాం సైన్యాన్ని వెంటేసుకొని వచ్చి, దొరికిన మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. మూడు వారాలు తిరక్కముందే పోలీస్ యాక్షన్, అంటే భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. దాని వెనకాలే, ఎక్కువగా మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు, కాసిం రజ్వీతో ఏ సంబంధం లేని ముస్లింలను కూడా చంపారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయి ఉంటారని రాసింది, ఆ రిపోర్టేమో దశాబ్దాలపాటు బీరువాలోనే ఉండిపోయింది. ఇందులో ఒకటి చెబితే ఇంకోటి ఎందుకు తగ్గిపోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మనం ఏటా దండ వేసే కాళోజీని ఒకసారి చూడండి. రజాకార్ల దుర్మార్గాలు చూసి మండిపోయి "కాలంబు రాగానే కాటేసి తీరాలె" అన్న మనిషి ఆయన. మన పిల్లలు స్టేజీ మీద ముద్దుముద్దుగా ఆ పద్యం చదువుతుంటే మనం ఫోన్లలో వీడియోలు తీసుకుంటాం (ఆ పద్యంలో ఎవరి మీద ఎంత కసి ఉందో పిల్లలకు ఎవరూ చెప్పరు, అది వేరే సంగతి). అదే కాళోజీ ఎమర్జెన్సీ అయిపోయాక 1977లో తార్కుండే కమిటీలో సభ్యుడిగా ఉండి, ఎన్‌కౌంటర్ల పేరుతో పోలీసులు చేసిన చావుల మీద విచారణకు తిరిగాడు. 1975లో గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను చెట్లకు కట్టేసి కాల్చారని తేల్చింది ఆ కమిటీయే. వాళ్లలో సూరపనేని జనార్దన్ మన ఆర్‌ఈసీ (వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్‌ఐటీ) కుర్రాడు. మన సంఘంలో సగం మంది ఆర్‌ఈసీ వాళ్లే కదా, అలుమ్నీ మీట్‌లలో ఆ పేరు ఎప్పుడైనా విన్నారా?

ఇంకో సంగతి, ఇది చెప్పాలనే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను. 1985 సెప్టెంబర్ 2న కాజీపేటలో నక్సలైట్లు ఎస్‌ఐ యాదగిరిరెడ్డిని చంపారు. మర్నాడు ఆయన అంతిమయాత్ర వరంగల్‌లో సాగుతుండగా అందులోంచి కొందరు పోలీసులు డాక్టర్ రామనాథం క్లినిక్‌లోకి జొరబడి ఆయన్ని కాల్చి చంపారు. ఆయన పిల్లల డాక్టర్, పౌరహక్కుల సంఘం నాయకుడు. ఒకరి శవయాత్రలోనే ఇంకో శవం లేచింది. ఇది జరిగి ఇన్నేళ్లయినా రామనాథం గురించి తలచుకునేవాళ్లు యాదగిరిరెడ్డి పేరెత్తరు, పోలీసు అమరుల సభల్లో రామనాథం పేరు రాదు. రెండిళ్లలో ఏడ్చింది మాత్రం వరంగల్ వాళ్లే.

అప్పట్లో కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఏళ్ల తరబడి పోలీసులు చేసిన హత్యల లెక్క తీశాడు, తర్వాత నక్సలైట్ల హింసను కూడా అడగాల్సిందేనని పట్టుబట్టి, పాత పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి ఇంకోటి పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిట్లు తిన్నాడు. ఆ తిట్లు తినే ఓపిక మన పార్టీలకు లేదు, ఎవరి స్తూపానికి వాళ్లు రంగులేసుకుంటారు, ఎన్నికలొస్తే దండలేస్తారు.

పిల్లల ముందు చావుల కథలేంటి అని కొందరు వదినలు, అక్కలు అంటున్నారు. మన పిల్లలు స్కూల్లో హోలోకాస్ట్ చదువుతారమ్మా, తట్టుకుంటారు. ఈసారి కాళోజీ జయంతి రోజు పది నిమిషాలు నాకివ్వండి, పరకాల, బైరాన్‌పల్లి, యాదగిరిరెడ్డి, రామనాథం, జనార్దన్, పోలీస్ యాక్షన్‌లో పోయినవాళ్లు, అందరినీ ఒకే కాగితం మీద రాసుకొని చదువుతాను. ఎవరు చంపారో కూడా చదువుతాను, దాచేదేం లేదు. ప్రోగ్రాంలో మాత్రం బిర్యానీకి ముందు పెట్టండి, తర్వాత పెడితే హాల్లో నేనొక్కణ్నే మిగులుతాను.