నాలుగు డిస్కుల పెట్టె, ఒక బావ

హనుమకొండలో పెళ్లి వీడియోల స్టూడియో నడపాలంటే ఇద్దరు కావాలి: ఎడిటింగ్ తెలిసినవాడు ఒకడు, డబ్బు పెట్టేవాడు ఒకడు. మా స్టూడియోలో మొదటివాణ్ణి నేను, రెండోవాడు మా బావ. అందుకే సాంకేతిక నిర్ణయాలన్నీ ఆయనే తీసుకుంటాడు.

ఈసారి కొనవలసింది రెయిడ్ పెట్టె. ఎడిటింగ్ కంప్యూటర్‌కు బయట తగిలించే, నాలుగు హార్డ్ డిస్కులు పట్టి, వాటిని ఒకే పెద్ద డిస్కులా నడిపే పెట్టె. పేరు వినగానే బావ ముఖం పాలిపోయింది. ఆయన విన్న రెయిడ్‌లన్నీ తెల్లవారుజామున తలుపు తట్టేవే. ఇది ఆ బాపతు కాదని, 1988లో బర్క్లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పత్రంతో పేరు తెచ్చుకున్న పద్ధతి అని ధైర్యం చెప్పాను. వాళ్లు పెట్టిన పూర్తి పేరులో డిస్కులు 'చవకైనవి'. ఆ మాట తరువాత 'స్వతంత్రమైనవి'గా మారింది. కొటేషన్ చేతికొచ్చాక, ఆ మార్పు చేసినవారి నిజాయితీకి నమస్కరించాను.

బావకు ముందు వేగం కావాలి. సెకనుకు 40 గిగాబిట్లు మోసే థండర్‌బోల్ట్ తీగ ఉంటేనే కొంటానన్నాడు. మా కెమెరాలు 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తాయి, అంటే 12.5 మెగాబైట్లు. నాలుగు కెమెరాల దృశ్యాలు ఒకేసారి తెరమీద పరిచినా 50 మెగాబైట్లు. నాలుగు డిస్కులూ చెమటోడ్చి పరుగెత్తినా ఆ తీగలో పావు వంతు నిండదు. బరాత్ నడవడానికి ఔటర్ రింగు రోడ్డు అడిగినట్టుంది బావా, అన్నాను. "అడిగితే తప్పేముంది?" అన్నాడు.

అసలు యుద్ధం స్థలం దగ్గర వచ్చింది. ఒక్కో డిస్కు 8 టెరాబైట్లు, నాలుగు కలిపితే 32. డిస్కులను రెయిడ్-5 అనే అమరికలో పెడితే వాడుకోవడానికి మిగిలేది 24. తక్కిన 8 ఏమయ్యాయని నిలదీశాడు. ఒక డిస్కు చచ్చిపోతే అందులోని డేటాను మిగతా మూడింటి నుంచి మళ్లీ లెక్కగట్టి తేవడానికి ఉంచే పారిటీ అది, అన్నాను. "అంటే నాలుగింటిలో ఒకటి ఊరికే కూర్చుంటుంది. అదేదో చూపించు, పీకేద్దాం."

చూపించలేను. రెయిడ్-5లో పారిటీ ఒక డిస్కులో ఉండదు, నాలుగింటి మీదా విడివిడిగా పరుచుకుని ఉంటుంది. అంటే బావ లెక్కలో ఆ ఊరికే కూర్చోవడాన్ని నలుగురూ సమానంగా పంచుకున్నారు. ఈ వివరణ విన్నాక బావ మొదటిసారి పెట్టెను గౌరవంగా చూశాడు. తాను తిరిగిన ఆఫీసులన్నీ రెయిడ్-5 మీదే నడుస్తున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఆ 24 కూడా కంప్యూటర్‌లో 21.8 గానే కనిపిస్తాయని చెప్పడం నా పొరపాటు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటర్ 1024 చొప్పున. బావకు ఆ గణితం అక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు తరుగు తీయడం చిన్నప్పటి నుంచి చూసినవాడు. "ఇదీ తరుగే," అని తేల్చేశాడు.

అప్పుడు పారిటీ లేని అమరిక, రెయిడ్-0 మీద పడ్డాడు. 32కు 32 మన చేతికే, వేగం కూడా ఎక్కువ, సున్నా మన దేశపు సొత్తు. కానీ అందులో ప్రతి ఫైలునూ ముక్కలు చేసి నాలుగు డిస్కులకూ పంచుతారు. నలుగురు మోసే పల్లకి అన్నమాట: ఒక బోయీ కూలబడితే పెళ్లికూతురు నేలమీద ఉంటుంది. పేరులో రెయిడ్ ఉంది కాబట్టి భద్రమేనని అప్పటికే ముగ్గురు మిత్రులు ఆయనకు హామీ ఇచ్చారు.

నేను ఖిలా వరంగల్‌ను సాక్ష్యానికి పిలిచాను. కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా నాలుగు, ఒకే అచ్చు. శిల్పి మిర్రర్ తీసినట్టు. మధ్యలో ఉండవలసిన గుడికి మాత్రం రెండో ప్రతి లేదు, అందుకే ఇప్పుడక్కడ రాళ్లే ఉన్నాయి. రాతికోట, మట్టికోట, కందకం అన్నీ ఉండి కూడా 1323లో నగరం పోయింది. పెట్టెలో ఎన్ని డిస్కులున్నా అది బ్యాకప్ కాదు బావా, పొరపాటున ఫైలు తుడిచేస్తే రెయిడ్ దాన్ని అంతే శ్రద్ధగా తుడిచేస్తుంది. 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగినట్టు మన గ్రౌండ్ ఫ్లోర్ మునిగితే నాలుగు డిస్కులూ కలిసే ఈదుతాయి, ఇంకో ప్రతి వేరే ఇంట్లో పెట్టాలి, అన్నాను. "ఇంకో పెట్టెనా?" అని లేచి వెళ్లిపోయాడు.

చివరికి రెయిడ్-5 కొన్నాం. అదనపు డిస్కు కొనలేదు. దసరాకు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం.

మాఘమాసం ముహూర్తాల మధ్య ఒక ఉదయం మూడో డిస్కు దగ్గర ఎర్ర దీపం వెలిగింది, పెట్టె కీచుమని కూయసాగింది. డిస్కు మార్చాలి, కొత్తదాన్ని నింపడానికి రాత్రంతా పడుతుంది, అన్నాను. ఎడిటింగ్ ఆగిందా అని బావ అడిగాడు. ఆగలేదు, అందుకే కదా ఇది కొన్నది. అయితే ఇప్పుడెందుకు ఖర్చు అన్నాడు. పెట్టెతో వచ్చిన పుస్తకం తెరిచి, కూత ఆపే మీట ఎక్కడుందో తానే వెతికి పట్టుకున్నాడు. ఆ పుస్తకంలో ఆయన చదివిన పేజీ అదొక్కటే.

ఇప్పుడు మూడు డిస్కులే పనిచేస్తున్నాయి, ఒక్కటీ ఊరికే కూర్చోవడం లేదు. ఎర్ర దీపం దసరా కుంకుమ బొట్టు పక్కనే ఉంది. వచ్చిన కస్టమర్లు రెండింటికీ కలిపి దణ్ణం పెడుతున్నారు.